కోడలి చెవుల్లో దూది

"ఎవరు చచ్చారే ఈ ఇంట్లో?"

మా అత్తగారు హోజర్ నాతో అన్న మొదటి మాట ఇదే. పెళ్ళైన మర్నాటి ఉదయం. వాకిలి నిండా జనం, ముసుగులో నేను. కొత్తకోడలు ఒక్కొక్కరికీ వంగి సలాం చెయ్యాలి, ప్రతి సలాముకీ కర్నాయ్ మోగాలి. కర్నాయ్ అంటే మనిషికన్నా పొడుగైన ఇత్తడి బాకా. అది మోగితే పక్క వీధిలో నిద్రపోతున్న పసిపిల్లలు కూడా ఉలిక్కిపడి లేస్తారు. నేను కాపురానికి వచ్చింది ఆ బాకాలు ఊదే ఇంటికే. మామగారు తుర్గున్‌ది మా ఊరు కోకండ్‌లో చెప్పుకోదగ్గ పేరు. ఆయన కొడుకు ఎల్యోర్ నా మొగుడు. ఆ ఉదయం మామగారు నా గౌరవం కోసమని చేయి చాపితే అందేంత దగ్గర నిలబడి ఊదాడు.

నా చెవులు మంచివే. మరీ మంచివి, అదే గొడవ. చిన్నప్పటినుంచీ గిన్నె మూత కిందపడినా, లారీ హారన్ కొట్టినా, నలుగురు ఒక్కసారిగా నవ్వినా తలలో మేకు దిగినట్టు ఉంటుంది. అందుకని ఆ రోజు ముసుగు కింద చెవుల్లో ఇంత దూది కుక్కుకుని వచ్చాను. పత్తి పండే లోయలో దూదికి కరువేముంది?

ఒక చిన్నపిల్ల పూలకొమ్మతో నా ముసుగు ఎత్తింది. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు తాగుతున్న చాయ్ ఆపేశారు. శవాన్ని కడిగాక చెవుల్లో, ముక్కులో పెట్టేది దూది. ఆ సంగతి నాకు తెలియక కాదు, నొప్పి భయంలో తట్టలేదు, అంతే. జరీ అంగీ వేసుకుని, పెళ్ళికూతురి కిరీటం కింద, కడిగి సిద్ధం చేసిన శవంలా నిలబడ్డాను.

అత్తగారు దూది తనే పీకేసింది. పీకి, చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుని, చచ్చిన ఎలుకను తీసుకెళ్ళినట్టు పెరట్లోకి తీసుకెళ్ళింది. సాయంత్రం చుట్టాలు వెళ్ళాక నన్ను వంటింట్లో నిలబెట్టింది.

"విను. చలికాలం వచ్చేలోగా నా కూతురు మెహ్రీ పెళ్ళి ఉంది. అప్పటిదాకా ఓర్చుకుంటాను. ఆ రోజు నీ చెవుల్లో ఏదైనా కనబడిందో, మెహ్రీ కారు వెనకాలే నీ కారు కూడా కదుల్తుంది. అది అత్తారింటికి, నువ్వు పుట్టింటికి. తెలిసిందా?"

"తెలిసింది అత్తయ్యా."

"ఇంకో సంగతి. నేను పిలిస్తే చిత్తం అన్నట్టు 'లబ్బే' అనాలి. రెండోసారి పిలిపించుకోకూడదు. ఈ గడపలో అది మర్యాద."

పుట్టింటికి వెళ్ళిపోతే ఏం పోతుందని ఎవరైనా అడగవచ్చు. ఎల్యోర్ పోతాడు. నేను అతన్ని మొదటిసారి చూసింది మా చిన్నాన్న కూతురి పెళ్ళిలో. గోడ పక్కన చెవులు మూసుకుని కూర్చున్న నన్ను చూసి నవ్వాడు. తర్వాత తన బాకా మూతిని పొలాలకేసి తిప్పి ఊదాడు. పిలిచినవాళ్ళు తిట్టారు, అయినా తిప్పలేదు. ఆ ఒక్క పనికి నేను అతన్ని చేసుకున్నాను.

ఆకులు రాలే కాలం వచ్చిందంటే మా ఊళ్ళో పెళ్ళిళ్ళు పోటెత్తుతాయి. పత్తి ఏరడం అయిపోయి జనం చేతులు ఖాళీ అవుతాయి, ఇంక ప్రతి వీధిలోనూ పందిరే. తండ్రీకొడుకులు పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేవారు. పెళ్ళి లేని రోజు వాకిట్లో సాధన. ఆ బాకాల గొంతుల మధ్య అత్తగారి గొంతు మరొకటి. ఆవిడ మాట్లాడదు, అరుస్తుంది. ఉప్పు అందించమన్నా అరుపే, దుప్పటి దులపమన్నా అరుపే. ఆ మనిషికి పుట్టుకతోనే కోపమని వీధంతా అనుకునేది. నేనూ అనుకున్నాను, ఇంకొంచెం ఎక్కువే అనుకున్నాను.

మామగారు అందుకు పూర్తిగా విరుద్ధం. ఎవరు పిలిచినా వెంటనే పలకడు. తలెత్తి, మనిషి మొహంలోకి నెమ్మదిగా చూసి, అప్పుడు మాట్లాడతాడు. "అదీ పెద్దరికం!" అనేవాళ్ళు చాయ్ కొట్టు దగ్గర. ఒకరోజు ఆయన పక్కనే పొయ్యి మీద కెటిల్ ఈలలు వేసి వేసి పొంగింది. ఆయన బాకా తుడుచుకుంటూ కూర్చున్నాడు. కోడలు ఉండగా తనెందుకు లేవాలనుకున్నాడని పళ్ళు నూరుకుంటూ నేనే వెళ్ళి దించాను.

దూది పోయింది కాబట్టి మందుల షాపుకి వెళ్ళాను. షాపువాడు స్పాంజి బిరడాలు ఇచ్చాడు. వేళ్ళతో నలిపి చెవిలో పెడితే లోపల ఉబ్బి దారి మూసేస్తాయి. ఎంత హాయి! బాకా ఎక్కడో బావిలోంచి మోగినట్టు వినిపించింది. నేను నమిలే రొట్టె మాత్రం రాళ్ళు నమిలినట్టు తలంతా మోగింది, అది వేరే సంగతి. ఆ హాయిలో తందూరు ముందు కూర్చుని రొట్టెలు వేస్తుంటే వెనకనుంచి ఎవరో నా తలగుడ్డ పట్టి లాగారు.

అత్తగారు. ఆవిడ వెనక వియ్యాలవారింటినుంచి వచ్చిన ఆడవాళ్ళు, మెహ్రీని ఇచ్చే ఇంటివాళ్ళు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. నేను బిరడా ఒకటి తీశాను.

"...మూడుసార్లు! పెద్దవాళ్ళు గుమ్మంలో నిలబడితే మూడుసార్లు పిలిచాను! ఇదేంటే? ఈసారి పసుపురంగు దూదా?"

"దూది కాదు అత్తయ్యా, స్పాంజి. మందుల షాపులో..."

"మందులు రోగానికి. నీది రోగం కాదు, పొగరు. నా మాట వినబడకూడదని ముందుజాగ్రత్తగా బిరడా కొట్టుకున్నావు."

వచ్చినవాళ్ళలో ఒకావిడ మరొకావిడతో నెమ్మదిగా, "పిల్లకి చెవుడేమో పాపం" అంది. బిరడా తీసిన నా చెవికి ఆ గుసగుస స్పష్టంగా అందింది. అత్తగారు రెండోదీ పీకి, రెండు బిరడాలూ తందూరులోకి విసిరింది. ఆ పూట రొట్టెలన్నీ కాలిన రబ్బరు కంపు కొట్టాయి. అవే తినమని నా ముందు పెట్టింది. నేనూ మొండిదాన్నే, అన్నీ తిన్నాను.

ఎల్యోర్‌కి జాలేసింది. రోడ్డు పని చేసే స్నేహితుణ్ణి అడిగి పెద్ద ఎర్రటి చెవి డిప్పలు తెచ్చాడు, రాళ్ళు పగలగొట్టే యంత్రం నడిపేవాళ్ళు పెట్టుకునేవి. వాటి మీద తలగుడ్డ కట్టుకుంటే నా తల రెండు బుట్టలు మోస్తున్న గాడిద నడుములా తయారైంది. మెహ్రీ నన్ను చూసి నవ్వలేక నేల మీద కూలబడింది. నేనూ నవ్వాను. అత్తగారు నవ్వలేదు.

"ఒరే ఎల్యోర్, ఈ ఇంట్లో రోడ్డు తవ్వుతున్నామా? పెళ్ళాన్ని తెచ్చావా, కూలీని తెచ్చావా? తియ్యమను. ఎవరైనా చూస్తే మీ నాన్న ఊదడం చూసి కోడలు తల దాచుకుంటోందంటారు."

"అమ్మా, దానికి నిజంగానే నొప్పి..."

"నాకు మోకాళ్ళు నొప్పి. గోనెసంచులు కట్టుకుని తిరుగుతున్నానా?"

ఆ తర్వాత మా అమ్మకి బాగాలేదని అబద్ధం చెప్పి ఇద్దరం ఫెర్గానా పట్నం వెళ్ళాం. అక్కడ ఆసుపత్రిలో చెవులు చూసే డాక్టరమ్మ ఉంది, కిమ్ అని కొరియావాళ్ళావిడ, మన గడ్డ మీదే పుట్టి పెరిగింది. నన్ను ఓపిగ్గా పరీక్షించింది.

"దూది దండగ. చెత్త ఆపుతుంది గానీ శబ్దాన్ని ఆపదు. స్పాంజి అన్నిటినీ ఆపేస్తుంది. రోజంతా పెట్టుకుంటే నీ చెవులు ఇంకా సుకుమారం అవుతాయి, రేపు చెంచా చప్పుడు కూడా ఓర్చుకోలేవు. ఏం వినబడకూడదో అందరూ చెప్తారమ్మా. నీకు ఏం వినబడాలి? అది చెప్పు."

ఆలోచించాను. "మా అత్తగారి పిలుపు" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. తర్వాత సొరుగులోంచి మెత్తటి రబ్బరు బిరడాలు తీసింది. ఒక్కోదాని మధ్యలో సన్నటి గొట్టం, అందులో జల్లెడ లాంటిది. శబ్దాన్ని మూసెయ్యదు, అంతటినీ సమానంగా తగ్గిస్తుందట. పాటగాళ్ళూ డోలు వాయించేవాళ్ళూ పెట్టుకుంటారట. మూడు సైజులు పెట్టి చూసింది. చెవిని పైకి లాగి ఎలా దూర్చాలో చూపించింది. ఒకటి వదులైంది, ఇంకోటి నొక్కింది. మూడోది పెట్టాక ఆవిడ బల్లను పళ్ళెంతో కొట్టింది. నేను ఉలిక్కిపడలేదు. "ఇప్పుడు?" అని మామూలుగా అడిగింది. ఆ మాట మాటగానే వినిపించింది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

"బాకా ఊదేవాడివా నువ్వు? నువ్వూ కూర్చో" అందావిడ ఎల్యోర్‌తో.

అతనికి హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యెత్తమంది. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. మొదట బాగానే ఎత్తాడు. తర్వాత ఆవిడ వేలు మీట నొక్కింది, మళ్ళీ నొక్కింది, ఇంకోటి తిప్పి నొక్కింది. ఎల్యోర్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీ బయట కొమ్మ మీద పిచ్చుకలను చూస్తున్నాడు. మొదలుపెడితే చెయ్యెత్తుదామని బుద్ధిగా ఎదురుచూస్తున్నాడు. ఆ పిచ్చుకలు అరుస్తున్నాయి. నాకు వినబడుతోంది.

డాక్టరమ్మ చెప్పింది: పోయింది రాదు. ఉన్నదాన్ని దాచుకోవచ్చు. ఊదేటప్పుడు అతనూ ఇవే పెట్టుకోవాలి.

తిరుగు బస్సులో అతను నా మొహం చూడలేదు.

"చెవుల్లో బిరడాలు పెట్టుకుని ఊదే కర్నాయ్ వాణ్ణి ఎవడు పిలుస్తాడే? వంటవాడు ముక్కు మూసుకుని వండినట్టుంటుంది."

"పిలవకపోతే పోనివ్వండి."

"మా తాత ఊదాడు, మా నాన్న ఊదుతున్నాడు. ఎవడికేమైంది?"

"మీ నాన్నగారి పక్కన కెటిల్ పొంగిపోయినా లేవరు. పెద్దరికం అనుకుంటున్నారా?"

"నోర్ముయ్!" అన్నాడు. బస్సంతా తిరిగి చూసింది. పెళ్ళైనప్పటినుంచీ అతను నా మీద గొంతెత్తడం అదే మొదలు. నేను నోరు మూసుకున్నాను. ఇల్లు చేరాక కూడా తెరవలేదు. అతనూ తెరవలేదు. ఒక గదిలో ఇద్దరు మూగవాళ్ళలా కాపురం చేశాం. అతని కోసం కూడా డాక్టరమ్మ ఒక జత ఇవ్వబోతే వద్దని తోసేశాడు, అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

నా బిరడాలు గాజుముక్కల్లా ఏ రంగూ లేనివి. జుట్టు చెవుల మీదికి దువ్వి తలగుడ్డ కట్టుకుంటే కనబడేవి కావు. అత్తగారు పిలవడం, నేను "లబ్బే" అనడం, వెంటవెంటనే జరిగిపోయేవి. ఆవిడకు అదీ నచ్చలేదు.

"ఇప్పుడు ఎక్కణ్ణించి వచ్చాయే చెవులు? ఇన్నాళ్ళూ నాటకమన్నమాట."

"లబ్బే అత్తయ్యా."

"ఎదురు చెప్తోంది చూడు."

మెహ్రీ పెళ్ళిరోజు రానే వచ్చింది. పందిట్లో పలావు కాగులు, వీధి నిండా బల్లలు. అత్తగారు పనుల మధ్య రెండుసార్లు నా పక్కకొచ్చి తలగుడ్డకేసి అనుమానంగా చూసింది. ఆవిడ చెయ్యి లేవబోవడం, ఎవరో పిలిస్తే ఆగిపోవడం నేను గమనించాను. బాకాలు మోగుతున్నాయి. ఒక వైపు మామగారు, ఇంకో వైపు ఎల్యోర్. నేను చాయ్ పోస్తూ తిరిగాను, నవ్వుతూ తిరిగాను. ఆ ఒక్కరోజు గడిస్తే చాలు.

మధ్యాహ్నం పెళ్ళికొడుకువాళ్ళు వచ్చారు. బయలుదేరే వేళ కూతురు తండ్రి ముందు నిలబడి సెలవు అడగాలి. తండ్రి "సంతోషమే" అనాలి. ఆ మాట పడకుండా గడప దాటితే ఆ కాపురం నిలబడదని మావాళ్ళ నమ్మకం. బాకాలు ఆగాయి. జనం సద్దుమణిగారు. మెహ్రీ ముసుగులోంచే, ఏడుస్తూ, తనకు తనే చెప్పుకుంటున్నట్టు అంది:

"నాన్నా, నావల్ల ఏదైనా తప్పు జరిగుంటే మన్నించు. సంతోషంగా పంపుతున్నావా?"

మామగారు పలకలేదు.

కూతురు ఎప్పుడు అడుగుతుందా అని ఆయన ముసుగుకేసి చూస్తూ నిలబడ్డాడు. ఎంతో ప్రేమగా చూస్తున్నాడు. పెదాలు కనబడితే గదా ఆయనకి మాట అందేది! మెహ్రీ మళ్ళీ అడిగింది, ఇంకా సన్నగా. ఆయన కదల్లేదు. పెళ్ళికొడుకు మేనమామ గడ్డం సవరించుకున్నాడు. "ఏంటి, తండ్రికి ఇష్టం లేదా?" అని ఎవరో అన్నారు. మెహ్రీ భుజాలు వణకడం మొదలుపెట్టాయి.

నేను అత్తగారికేసి చూశాను. ఉప్పుకీ పప్పుకీ వీధి దద్దరిల్లేలా అరిచే మనిషి నోరు తెరుచుకుని ఉంది, గొంతు రావడం లేదు. వియ్యాలవాళ్ళ ముందు మొగుడి మీద ఎలా అరుస్తుంది? ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు, భయం ఉంది. ఆవిడకు తెలుసు. ఎప్పటినుంచో తెలుసు.

కొత్తకోడలు మామగారి ముందు గొంతెత్తకూడదు. పరాయి మగవాళ్ళ ముందు అసలు ఎత్తకూడదు. నేను చాయ్ కెటిల్ కింద పెట్టి వెళ్ళి ఆయనకు ఎదురుగా నిలబడ్డాను. పుట్టి బుద్ధెరిగాక నేను ఎప్పుడూ అరవలేదు.

"మామయ్యా! మెహ్రీ సెలవడుగుతోంది! సంతోషమేనా అని అడుగుతోంది!"

బిరడాల వల్ల నా కేక నా తలలోనే ఉరిమింది. తల విదిలించిన ఊపుకి తలగుడ్డ మెడ మీదికి జారిపోయింది, జుట్టు చెదిరింది. వీధిలో సగం మందికి నా చెవులు కనబడ్డాయి.

ఆయన నా పెదాలకేసి చూశాడు. తర్వాత కూతురికేసి. మొహం నలిగిపోయింది.

"సంతోషమే తల్లీ! సంతోషమే! సంతోషమే!" అన్నాడు, తన గొంతు తనకు వినబడనివాళ్ళు అన్నట్టు పెద్దగా. చాయ్ కొట్టు దగ్గర ఆయన పెద్దరికాన్ని మెచ్చుకునేవాళ్ళందరూ విన్నారు. అందరికీ అర్థమైంది. ఎల్యోర్ బాకా ఎత్తాడు గానీ చాలాసేపు ఊదలేదు.

మెహ్రీ కారు కదిలాక నేను గదిలోకి వెళ్ళి బట్టలు సర్దుకున్నాను. ఒకరు గెంటితే వెళ్ళడం నా వల్ల కాదు, నేనే తయారుగా ఉంటాను. ఎల్యోర్ గుమ్మంలో నిలబడి చూశాడు. "ఉండు" అనలేదు, "వెళ్ళు" అనలేదు. అప్పుడు అతన్ని ఎంతగా అసహ్యించుకున్నానో చెప్పలేను. అంతలో అత్తగారు అతన్ని పక్కకి నెట్టి లోపలికొచ్చింది. వచ్చి నా గడ్డం పట్టుకుని మొహం పక్కకి తిప్పింది. చెవిలోకి చూసింది.

"ఇవేనా?"

"ఇవే."

"ఇవి పెట్టుకునే ఇన్నాళ్ళూ పలికావా?"

"అవును."

ఆవిడ నా బట్టల మూట పక్కన కూర్చుంది.

"వీధి వీధంతా నా పరువు తీశావు. ఆయన్ని ఇంక ఎవరూ పిలవరు. మెహ్రీ బడికెళ్ళే రోజులనించీ దాస్తున్నానే నేను. జనం ముందు ఆయన తరఫున నేనే మాట్లాడాను. ఇంట్లో పిలిచి పిలిచి నా గొంతు ఇలా మొద్దుబారింది. పిలిస్తే పలికే మనిషి ఒకత్తె ఉంటే చాలురా దేవుడా అని కోడల్ని తెచ్చుకున్నాను. అది కాస్తా చెవుల్లో దూది పెట్టుకుని దిగింది."

జాలి పడదామంటే ఆవిడ మొహం పడనివ్వడం లేదు.

ఆవిడ గుమ్మం దగ్గరి కొడుకుని చూడకుండా, మామూలుగా మనుషులు మాట్లాడుకునే గొంతుతో, "ఎల్యోర్, ఆ తలుపు వెయ్యి" అంది. ఆ ఇంట్లో ఆవిడ అంత మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి.

ఎల్యోర్ తలుపుకి ఆనుకుని అలాగే నిలబడి ఉన్నాడు, నేల చూస్తూ.

అత్తగారు నాకేసి చూసింది. నేను తల దించుకున్నాను. తర్వాత ఆవిడ లేచి మోకాళ్ళు సరిచేసుకుంది.

"ఇంకో జత దొరుకుతుందా?"

"దొరుకుతుంది."

"వాడు పెట్టుకోనంటే నేను పెడతాను, చెవి మెలేసి పెడతాను. నల్లవి తే. శవం దూదిలా తెల్లవి తెచ్చావో చేతులు విరుస్తాను." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఒక్క జతే. ఆయనకి ఇంక అక్కర్లేదు. ఆ మూట విప్పు, అక్కడ అంట్లు పేరుకుపోయాయి."

వాకిట్లోకి వెళ్ళి మామగారిని భోజనానికి పిలిచింది. ఒకసారి, రెండోసారి, మూడోసారి. ఆయన ఖాళీ పందిట్లో, బాకా ఒళ్ళో పెట్టుకుని, వీధికేసి తిరిగి కూర్చున్నాడు. నేను వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడి చెయ్యి ఊపాను. ఆయన చూసి, లేచాడు.

"ఏంటే ఆ ఊపడం, మామగారిని గొర్రెని తోలినట్టు?" అని అరిచింది అత్తగారు.

మర్నాడు పొద్దున ఆయన్ని చాయ్‌కి పిలవాల్సి వచ్చినప్పుడు, ఎవరూ చూడటం లేదనుకుని, ఆవిడా అలాగే వెళ్ళి ఎదురుగా నిలబడి చెయ్యి ఊపింది.